వీపు తిప్పి నిలబడ్డ శనివారాలు

పోయిన వారం నడుము నొప్పి అని ఇక్కడ వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళి, పేరు పిలిచేదాకా కాసేపు కళ్ళు మూసుకుందామని కుర్చీలో చేరగిలబడబోతే ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ కనిపించింది. బూడిదరంగు గది, సగం తెరిచిన తెల్లటి తలుపు, నల్లబట్టలు వేసుకుని మనకు వీపు పెట్టి నిలబడ్డ ఒకావిడ. పేషెంట్ల మనసు కుదుటపడుతుందని పెట్టి ఉంటారు. నాకు మాత్రం పాతికేళ్ళ కిందటి అలసటంతా ఒక్కసారి కాళ్ళలోకి దిగినట్టయింది, ఎందుకంటే ఆ బొమ్మ వేసిన డెన్మార్క్ చిత్రకారుడు ఒకప్పుడు మా ఇంట్లో మూడో మనిషిలా ఉండేవాడు.

మీకూ గుర్తుండే ఉంటుంది, మనం ఈ దేశం వచ్చిన కొత్తలో పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో ఏ తలుపు తట్టినా భర్త హెచ్ వన్ వీసా మీద ఆఫీస్‌కి వెళ్ళడం, భార్య అతని వెంట వచ్చే హెచ్ ఫోర్ మీద ఇంట్లో ఉండటం. మా ఇంట్లో అది తారుమారైంది. ప్రోగ్రామర్‌ని నేను. మావారు కాకినాడలో ఎలక్ట్రిసిటీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తూ, ఆ ఉద్యోగం వదిలేసి నా వెంట వచ్చారు. ఆ వీసా మీద ఆయన ఏ పనీ చేయకూడదు. నేను పొద్దున్నే కార్‌లో వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఆ ఒక్క బెడ్‌రూమ్ ఇంట్లో ఆయన, రేడియేటర్ చప్పుడు. పప్పు వండడం నేర్చుకున్నారు, నా చీరలు ఇస్త్రీ చేశారు, పార్టీల్లో ఎవరైనా 'మీరేం చేస్తుంటారండీ' అని అడిగితే మంచినీళ్ళ వంకతో పక్కకు వెళ్ళిపోవడమూ నేర్చుకున్నారు.

అలాంటి రోజుల్లో లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు తీసేస్తుంటే ఈ చిత్రకారుడి బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకున్నారు. పగలంతా డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం, నాకు అన్నం వడ్డిస్తూ చెప్పడం. ఆ చిత్రకారుడు కోపెన్‌హేగన్‌లో ఓ పాత ఇంట్లో పదేళ్ళకు పైగా ఉండి ఆ ఇంటి గదుల్నే మళ్ళీమళ్ళీ వేశాడట, సామాన్లు పక్కకు తీసేసి తలుపు, కిటికీ, నేల మీద ఎండ, ఇంతే వేసేవాడట. మనిషి కావాలంటే భార్యే, అదీ ఎక్కువగా వెనకనుంచి. పెద్దగా మాట్లాడే మనిషి కాదట, పిల్లలు లేరట, యాభై దాటీ దాటకుండానే గొంతు కేన్సర్‌తో పోయాడట. ఇదంతా చెప్పి ఓ రోజు మావారు, "ఇంట్లో కూర్చునే ఎంత పని చేశాడో చూడు" అన్నారు. ఆ మాటలో ఏముందో నాకు అర్థమైంది కాబట్టే ఆ వారం రంగులు కొంటానంటే వద్దనలేకపోయాను.

గీతలు ఆయన చేతిలో ఉన్న విద్యే. తలుపు చట్రం, కిటికీ చెక్క తిన్నగా వచ్చేవి. మొహాలే వచ్చేవి కావు. అందుకని శనివారం పొద్దున హాల్లో సోఫా గోడకు నెట్టి, జడ ముడి చుట్టుకోమని, ముదురు నీలం నేత చీర కట్టుకోమని, నన్ను కిటికీ వైపు తిప్పి నిలబెట్టేవారు. వెలుగు పొద్దుటిపూటే బాగుంటుందట. వారమంతా పనిచేసిన నాకు కాస్త ఆలస్యంగా లేవడానికి ఉన్నవి శని, ఆదివారాల రెండు పొద్దులే. గంట, గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు. బూడిదరంగు కలుపుతూ ఆయన లోకం మరిచిపోయేవారు, నేను పార్కింగ్ లాట్‌లో కార్లు లెక్కపెట్టుకుంటూ, ఐసెలిన్‌లో మనవాళ్ళ కొట్లకి వెళ్ళి కూరలు తేవాలి, బట్టలు లాండ్రీలో వేయాలి అనుకుంటూ నిలబడేదాన్ని. ఆ డెన్మార్క్ ఇల్లాలికి కాళ్ళు ఎంత లాగి ఉంటాయో పుస్తకంలో ఎక్కడైనా రాశారేమో అడగాలనిపించేది. మావారి వరంగల్ స్నేహితుడొకాయన భోజనానికి వచ్చి, గోడకు ఆనించిన బొమ్మలన్నీ చూసి, "అన్నా, వదిన మొహం ఎప్పుడేస్తవే?" అని నవ్వాడు. అందరం నవ్వాం. నాకు మాత్రం ఈయన నన్ను చూస్తున్నారా, కిటికీని చూస్తున్నారా అన్న ములుకు లోపల ఉండిపోయింది.

ఒక శుక్రవారం ఆఫీసులో ప్రాజెక్ట్ అయిపోయిందన్నారు. కన్సల్టెన్సీ వాళ్ళకి ఫోన్ చేస్తే, బెంచ్ మీద, అంటే పని లేకుండా జీతమిచ్చి, ఎక్కువ రోజులు ఉంచలేమన్నారు. ప్రాజెక్ట్ లేకపోతే నా వీసా లేదు, నా వీసా లేకపోతే ఆయనదీ లేదు, వెనక్కి వెళ్తే కాకినాడలో ఆయన ఉద్యోగమూ లేదు. ఇంటికొచ్చి మామూలుగా భోంచేసి పడుకున్నాను, నోరు విప్పలేదు. పొద్దున్నే ఆయన సోఫా జరుపుతుంటే, వద్దంటే ఎందుకని అడుగుతారని చీర కట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. కాసేపటికి కళ్ళవెంట నీళ్ళు కారడం మొదలైంది. మొహం అటుంది కదా, తెలియదులే అనుకున్నాను. తుడుచుకోవడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

కుంచె గిన్నెలో పెట్టిన చప్పుడైంది. "ఏం జరిగింది?" అన్నారు.

"ఏం లేదు, వేయండి."

"పోయిన వారం నీ భుజాలు ఇలా లేవు. నిన్న రాత్రి స్టవ్ దగ్గర నిలబడ్డప్పుడే చూశాను. నువ్వే చెబుతావని చూస్తున్నాను."

అప్పుడు ఇటు తిరిగాను. చెప్పాల్సిందంతా చెప్పాను. ఆయన కాఫీ కలిపి తెచ్చి, ఆ పుస్తకంలో నాకెప్పుడూ చూపించని పేజీ ఒకటి తీశారు. అందులో ఆ చిత్రకారుడి భార్య ఇటు తిరిగి ఉంది. కప్పులో చెంచా తిప్పుతూ, నుదుటి మీద నరం తేలి, పచ్చగా పాలిపోయిన మొహం. అంత అలసిపోయిన మనిషిని నేను బొమ్మల్లో చూడలేదు. "ఇది నీకు కనపడకూడదని దాచాను. రోజూ సాయంత్రం నువ్వు ఇలాగే వస్తున్నావు. మొహాలు రావని అందరితో అంటాను గానీ, వేస్తే ఇలా వేయాల్సి వస్తుందని నా భయం" అన్నారు.

ఆ శనివారం బొమ్మ సగంలోనే ఆగిపోయింది. రంగులున్న బల్ల మీదికి నా రెజ్యూమేలు వచ్చాయి, ఆయనే కవర్ లెటర్లు రాసి ఊరూరికీ ఫ్యాక్స్ చేశారు. మూడు వారాలకు వర్జీనియాలో ప్రాజెక్ట్ దొరికింది. ట్రక్‌లో చోటు చాలక బొమ్మలన్నీ ఆ వరంగల్ స్నేహితుడి ఇంట్లో పెట్టి వచ్చాం, తర్వాత అతనూ ఊరు మారాడు, అవి ఏమయ్యాయో మేం అడగలేదు, అతనూ చెప్పలేదు. గ్రీన్‌కార్డ్ వచ్చాక మావారికి మళ్ళీ డ్రాయింగ్ ఆఫీసులోనే పని దొరికింది. డేటా సెంటర్లలో కేబుల్ ఎటునుంచి ఎటు వెళ్ళాలో ఇప్పటికీ తిన్నని గీతలు గీస్తున్నారు.

ఇప్పుడు శనివారాలు ఎంతసేపైనా పడుకోవచ్చు, నిలబడమనే వాళ్ళు లేరు. పనిరోజుల్లో మధ్యాహ్నం ఆయన ఆఫీస్ నుంచి ఫోన్ చేసి, మర్చిపోకుండా, ఎలా ఉన్నావని అడుగుతారు. బాగానే ఉన్నానంటాను. ఫోన్‌లో భుజాలు కనపడవు కదా, ఆయన నమ్మేస్తారు.