దేవీ అంటేనే గంజి

మా అక్క తవిటమ్మప్పకు ఉన్న పిచ్చి ఒక్కటే, టీవీలో వచ్చే రాజుల కాలం నాటి ప్రేమ సీరియల్. అందులో యువరాజు ఎలా ఉంటాడో లోకంలో మగాళ్ళందరూ అలాగే ఉండాలంటుంది. నౌపడ ఉప్పు మడుల్లో మేమంతా గంపలు మోస్తాం. అప్ప మాత్రం గంప నెత్తిన పెట్టుకునే రాజ్యం ఏలుతుంది.

మేస్త్రి కూర్మయ్య "బేగి రండి" అని కేకేస్తే, "వస్తన్నాం సేనాపతీ" అంటుంది. మొదట్లో ఆయన కోప్పడ్డాడు. ఇప్పుడు కూర్మయ్యా అని పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం లేదు.

ఆమె మొగుడు అప్పలసూరి బావ బాధ వేరు. మధ్యాహ్నం ఆకలితో వచ్చి కూర్చుంటే అప్ప గిన్నె మూత తియ్యదు.

"గంజి పొయ్యే."

"యువరాజు అలాగే అడుగుతాడేటి?"

బావ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "దేవీ, గంజి" అంటాడు. అప్పుడు గంజితోపాటు ఉల్లిపాయ కూడా వస్తుంది.

ఇలా ఉండగా మా అమ్మాయి భరణి సంచి పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పెళ్ళయి ఎనిమిది నెలలు. అల్లుడు ఉపేంద్ర అవతలి మడుల్లో పని చేస్తాడు. కొట్టడు, తిట్టడు, తాగడు. గొడవంతా ఫోన్‌తో. భరణితో చదువుకున్న అనూరాధ రోజూ మొగుడితో ఫోటోలు పెడుతుంది, బీచిలో ఒకటి, కేకు కోస్తూ ఒకటి. అవి చూసి మా పిల్ల అన్నం ముందునుంచి లేచిపోతుంది.

"నాకేటుంది నాన్నా, ఉప్పు తప్ప. నానింక ఎల్లను" అంది.

గంపకన్నా ఆ మాట బరువైంది నాకు.

ఇంట్లో ఉంటే ఫోన్ వదలదని పనికి తీసుకొచ్చాను. అప్ప మొదటి రోజే తగులుకుంది.

"ఒసే భరణీ, నా ఫోన్ పాడైపోనాది. నిన్నటి సీరియల్ సూడనేదు. నీ దాంట్లో పెట్టు."

రోజూ అదే. గంజి వేళంతా పిల్ల ఫోన్ అప్ప చేతిలోనే. నాలుగు రోజులు భరణి మొహం ముడుచుకుంది. అయిదో రోజు, "రాణి ఆ ఉత్తరం సదవకుండానే సింపీసిందేటత్తా?" అని తనే అడిగింది.

"ఆ రాణి ఒంటినిండా నగలే కదే. నీకు కుళ్ళు రాదేటి?"

"రాణిని సూసి ఎవులైనా కుళ్ళుకుంటారేటి?"

"మరి అనూరాధని సూసి ఎందుకే? అదీ సీరియలే. ఏడుపు సీన్లు కత్తిరించీసి పెడతాది."

భరణి ఆ పూట గంజి రెండుసార్లు పోయించుకుంది.

శనివారం ఉపేంద్ర వచ్చి గట్టుమీద నిలబడ్డాడు, పిలవాలో మానాలో తెలియక. అప్ప వదిలిందా?

"అల్లుడా, ఆ తాటాకు గొడుగు అట్టుకో. ఉప్పు కుప్ప ఎక్కండి ఇద్దరూ."

ఎక్కారు. పెళ్ళాం నెత్తిమీద గొడుగు పట్టాడు. "ఏటనాల?" అన్నాడు పాపం. నలభైమందిమి గంపలు దించి ఒక్కసారిగా చెప్పాం, "దేవీ అనరా." అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. భరణి పడీ పడీ నవ్వింది. సేనాపతి భరణి ఫోన్‌లోనే ఫోటో తీశాడు. పిల్ల దాన్ని అప్పటికప్పుడే అనూరాధలాగే అందరికీ కనబడేలా పెట్టేసింది.

సాయంత్రానికల్లా అనూరాధ ఫోన్ చేసింది.

"ఏ మంచుకొండకి ఎల్లేరే? ఫోటోకి నిల్సోమంటే మా ఆయన దెబ్బలాడతాడు. మీ ఆయన గొడుగే అట్టేడు."

"మంచు కాదే, ఉప్పు. మా ఉప్పే" అంది భరణి, కోట గెలిచినదానిలా. అప్పటికే సంచి ఉపేంద్ర భుజాన ఉంది.

మర్నాడు గంజి దగ్గర అప్ప కొంగులో ఫోన్ మోగింది.

"పాడైపోనాదన్నావు కదప్పా?" అన్నాను.

"పాడేటి, నీ మొహం" అన్నాడు బావ. "రోజూ సాయంత్రం టీవీలో సూసీసేది. మజ్జానం ఏటీ తెలీనట్టు పిల్లకాడ మళ్ళీ సూసేది."

"నిన్నెవులడిగేరు?" అని అప్ప గిన్నె దగ్గరికి లాక్కుంది.

బావ గొంతు తగ్గించలేదు. అటూ ఇటూ చూడలేదు. మడులన్నీ వినబడేలా "దేవీ" అన్నాడు.

ఆ రోజు రెండు ఉల్లిపాయలు వచ్చాయి.