చేతికిచ్చిన కత్తి

“సేతికియ్యే. ఈ వయసులో మన మద్దిన కొత్తగా తగువేటొస్తాది?”

“రాదని నువ్వు రాసిస్తావేటి మావా? కిందెట్టినాను, తీసుకో.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవి. కత్తిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇస్తే ఆ ఇద్దరికీ తగువొస్తుందని మా ఇళ్లలో పట్టింపు. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. ఆయన మోకాలు పట్టుకుని మూలుగుతూ వంగి, కత్తి తీసి నడుముకు దోపుకుని, రైల్వే వర్క్‌షాపు స్నేహితులతో కంసావతి ఏటి ఒడ్డుకు చేపలు పట్టడానికి వెళ్లాడు. మర్నాడు ఆయన్ని మోసుకొచ్చారు. గాలం పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె. కత్తి మాత్రం ఒరలో భద్రంగా ఉంది. మా ఇద్దరికీ తగువు రాలేదు, నిజమే.

ఈ మాటలు మళ్లీ గుర్తొచ్చింది మొన్న మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టినప్పుడు. ఇది నా కూతురి కూతురు. నేను చెబుతుంటే రాస్తున్నదీ ఇదే, కాబట్టి దీని గురించి చెడ్డగా చెప్పడానికి వీల్లేదు. ఏనుగుల లెక్క తీసేవాళ్ల దగ్గర దీనికి ఉద్యోగం వచ్చింది. వానాకాలమంతా పడమటి వైపు సాల్ చెట్ల అడవుల్లో గుడారం వేసుకుని ఉండాలట. ఊరు దూరం, ఫోను పలకదు, డాక్టరు సంగతి అడగనే అక్కర్లేదు. కబురు విన్న దగ్గర్నుంచి వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నేను ఏడవలేదు. మరి కత్తేదీ అని అడిగాను. అప్పుడు చూపించింది ఫోను. నల్లటి కత్తి, వీపంతా రంపం పళ్లు.

“సూడమ్మమ్మా, ఎంత బాగున్నాదో! పిడి మూత ఇప్పితే లోపల దిక్సూసి కూడా ఉన్నాది.”

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే దీని తాత పెళ్లయిన కొత్తలో మేళాలో సరిగ్గా అలాంటిదే కొన్నాడు. మొదటిసారి ఏటి ఒడ్డున అన్నం వండుకుందామని దుంగ మీద ఒక్క వేటు వేస్తే, కత్తి దుంగలో ఉండిపోయింది, డొల్ల పిడి ఈయన చేతిలోకి వచ్చేసింది. చుట్టూ స్నేహితులు. ఈయన తొణక్కుండా చేతిలో మిగిలిన పిడిలో దిక్సూచి వంక చూసి, “ఉత్తరం అటున్నాదిరా, ఇంటికి పదండి” అన్నాడట. రిటైరయ్యేదాకా వర్క్‌షాపులో ఆయన్ని ఉత్తరం దాదా, అంటే ఉత్తరం అన్న, అనే పిలిచారు. తర్వాత మడత కత్తి కొన్నాడు. జేబులో పడుతుందని మురిసిపోయాడు. చేప కోస్తుంటే అది ఆయన వేలి మీదే మడత పడింది. ఆ తర్వాత గానీ బుద్ధి రాలేదు. బజారులో ఇనుప కొట్టుకు పోయి, లారీ కమాను పట్టీతో సాగగొట్టిన మోటు కత్తి ఒకటి తెచ్చుకున్నాడు. మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఇనుము, రెండు పక్కలా చెక్క. అందం లేదు. కానీ అదే ఆఖరిదాకా ఆయన నడుముకు ఉంది. ఆయన పోయాక ప్రేమ్ బజార్లో నా టిఫిన్ బండి మీద కొబ్బరికాయలకీ కూరలకీ దాన్నే వాడాను. నూరి నూరి వేపాకంత అయింది గానీ, లేకపోతే దీనికి అదే ఇచ్చేదాన్ని.

సంతకం పెట్టడానికి తంటాలు పడేదాన్నే, ఒప్పుకుంటాను. కత్తుల విషయంలో మాత్రం నన్ను మోసం చెయ్యగలిగినవాడు ఖరగ్‌పూర్‌లో లేడు. మనవరాల్ని బజారుకు లాక్కుపోయాను. కొట్టువాడు ముందు తళతళలాడే స్టీలుది తీశాడు. “దీన్లో మొకం సూసుకుంటాదేటి నా మనవరాలు?” అని పక్కకు తోసేశాను. నల్ల ఇనుము నూనె రాయకపోతే తుప్పు పడుతుంది, కాదనను. కానీ పదును పోతే ఏ ఏటి రాయి మీద నూరినా తిరిగొస్తుంది. తర్వాత మూరెడు పొడుగున్నది తీశాడు. ఏనుగుతో యుద్ధానికి కాదు బాబూ, పుల్లలు చీల్చుకోడానికి, తాడు కోసుకోడానికి అన్నాను. అప్పుడు అరచేతి పొడుగువి నాలుగైదు ముందు పోశాడు. నేను సంచిలోంచి ఆవనూనె సీసా తీసి మనవరాలి అరచేతిలో ఒంపాను.

“ఎ కీ కోర్ఛేన్, మాషీమా!” ఇదేం చేస్తున్నారు పిన్నిగారూ అని కొట్టువాడు బెంగాలీలో లబలబలాడాడు.

“అమ్మమ్మా, అందరూ సూస్తన్నారు. పరువు తీసెస్తన్నావు.”

“అడివిలో ఎవులూ సూడరు. వానలో సెయ్యి జారితే పరువు కాదే పోయీది, వేలు. పట్టుకో గట్టిగా.”

ఇత్తడి పిడిది సబ్బుబిళ్లలా జారిపోయింది. గుండ్రటి పిడిది చేతిలో తిరిగిపోయింది. ఇంకోటి, చూడ్డానికి అన్నిటికన్నా అనాకారిది, పిడి నడుమ కాస్త బొజ్జ, ముందు వేలు ఆనే చోట చిన్న గట్టు, చెక్కల మధ్య పిడి చివరిదాకా నల్లటి ఇనుప గీత. దాన్ని పట్టుకున్నాక నా మనవరాలు సిగ్గుపడటం మానేసింది. కొట్లో ఉన్న చెక్కపేడు తీసుకుని, కత్తి మొనని దాన్లో గుచ్చి మెలితిప్పింది. నూనె చెయ్యి అంగుళం కదల్లేదు. ఠీక్ హై అన్నాను. నూనె పూసిన కత్తి ఇంకెవరు కొంటారని నేనే అడిగి ధర తగ్గించాను. ఫోనులో కత్తి ఖరీదుకి ఇదీ, దీనికో తోలు ఒరా, జలగలు పట్టకుండా పొడుగు బూట్లూ కూడా వచ్చాయి.

రేపు బండెక్కుతుంది. ఇందాక సంచి సర్దుకుంటూ, నా ఒళ్లో ఉన్న కత్తి వంక చూసింది. నేను తుడిచి, నూనె రాసి, ఒరలో పెట్టి కూర్చున్నాను.

“అమ్మమ్మా, అదలగ కిందెట్టు, తీసుకుంతాను.”

అలవాటు కదా, నడుము వంగింది. చెయ్యి మాత్రం నేలకు చేరకుండా ఆగిపోయింది. మళ్లీ నిటారుగా కూర్చుని, పిడి దాని వైపు తిప్పి, చేతిలో పెట్టి వేళ్లు మూశాను.

“ఓలమ్మో, సేతికిచ్చెసినావేటి? నీకూ నాకూ తగువొచ్చెస్తాది!”

“రానీ. తగువాడాలంటే ఎదురుగుండా ఉండాల గదా. వానలు ఎల్లగానే వొచ్చి ఆడు నాతో.”

అది కత్తి సంచిలో పెట్టుకుంది. కాసేపటికి కాయితాలు ముందేసుకుని, తాత సంగతి ఏదైనా చెప్పు రాస్తానంది. మాట మార్చడానికే అనుకుంటాను. చెప్పాను. ఆ పాత కత్తి వంటింట్లో ఉంది. ఇన్నేళ్లకి ఇనుమే అంత అరిగింది గానీ, కిందెట్టినాను తీసుకో అన్న నా మాట మాత్రం కొత్తగా కొన్న కత్తిలాగే పదునుగా ఉంది.

చాల్లే పిల్లా, పెన్ను పెట్టెయ్. మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. సేతికియ్యే అన్న మీ తాత మాట దగ్గర కాస్త గట్టిగా చదువు.