గడప దాటని పిల్లబండి

మా మేనత్త సెంగా గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాడు స్కాట్లండ్‌లోని మా గ్రీనక్‌లో లేడు. ఉన్నా వాణ్ని నేను నోరు తెరవనివ్వను. వడ్రంగం కోర్సు సగంలో వదిలేసిన వాణ్ని కాబట్టి చదువుకున్నవాళ్లకు లేని తీరిక నాకుంది. ఆ తీరికంతా మా అత్తను వ్యానులో తిప్పడానికే సరిపోయింది.

ఆవిడ బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించేది. "కూర్చోండర్రా!" అని ఒక్క కేక వేస్తే పిల్లలతోపాటు క్లైడ్ నదిలో పోతున్న ఓడ కూడా లంగరు దించేసేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు నేను చెప్పాను. క్రిస్మస్ నాటకంలో ఇద్దరు దూరే ఆవు వేషం ఉంటే వెనక కాళ్లు ఎప్పుడూ ఆవిడవే. ముందు కాళ్ల ఆయన ఎడమకు తిరిగితే ఈవిడ కుడికి తిరిగేది. జనం ఈలలు, చప్పట్లు అన్నీ వెనకభాగానికే. ఆ రుచి మరిగాక ఇక ఆవిణ్ని ఆపడం ఎవరి తరం?

ఉనా మెగార్వీ ఆ నాటకం చూసింది. ఆమె ప్రసూతి నర్సు. మత్తుమందుల అలవాటున్న గర్భిణులను చూసుకోవడం ఆమె పని. ఒక్కతే ఎంతమందిని చూస్తుంది? అందుకని ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లకు, మందుల షాపులవాళ్లకు, నర్సులకు, సోషల్ వర్కర్లకు, ఆ తల్లులతో ఎలా మెలగాలో నేర్పే తరగతులు పెట్టింది. చర్చి హాల్లో కుర్చీలు వేసేది నేను. తల్లి వేషం కట్టడానికి మనిషి కావాలి.

"వెనక కాళ్లతోనే అంత నవ్వించావు. ముఖం కూడా కనబడితే ఏడిపించేస్తావు సెంగా" అంది ఉనా.

మా అత్తకు అరవై దాటాయి. అయినా సోఫా మీది దిండు తీసి కడుపుకు కట్టుకుని, "ఇరవై రెండేళ్లలా లేనూ?" అని నన్నడిగింది.

"దిండు వయసు అడుగుతున్నావా అత్తా?" అన్నాను. ఆ పూట నాకు టీ దక్కలేదు.

మొదటి తరగతిలో ఆవిడ చేసిన హంగామా నేను చచ్చేదాకా మరిచిపోను. నోట్లో పళ్లపొడి నురగ, జుట్టు విరబోసుకుని కేకలు, నేలమీద దొర్లుడు. దిండు జారి ముందు వరసలో కూర్చున్న నర్సు ఒళ్లో పడింది. సుఖప్రసవం.

ఉనా పక్కకు తీసుకెళ్లి చెప్పింది. "సెంగా, వాళ్లెవరూ అలా దొర్లరు. వానలో తడిసి వచ్చి కుర్చీ అంచున కూర్చుంటారు. ఎవరైనా వంకరగా చూస్తే లేచి వెళ్లిపోతారు. అంతే."

"అంతేనా? దానికి నేనెందుకే! కుర్చీకి ఓ తడికోటు తగిలించు, చాలు" అని రుసరుసలాడింది అత్త.

కానీ నేర్చుకుంది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. మా భవనంలో అదే మెట్లదారిలో రెండంతస్తుల పైన ఉండే రోనాను చూసి. (అది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. "నా కథ రాస్తే రాయి గానీ పేరు మార్చు, ఇంకాస్త అందమైనది పెట్టు" అని షరతు పెట్టింది.) రోనా ఒకప్పుడు హెరాయిన్‌లో పడి లేచిన పిల్ల. ఇప్పుడు దాని బదులు డాక్టరు రాసిచ్చే మెథడోన్ అనే ఆకుపచ్చ మందు తాగుతోంది. రోజూ మందుల షాపుకు వెళ్లి, షాపతని కళ్లెదుటే తాగాలి. కడుపుతో ఉన్నప్పుడు దాన్ని ఒక్కసారిగా మానేస్తే బిడ్డకే ముప్పు. ఆ సంగతి తెలియని పెద్దమనుషులు ఆమె కడుపుకేసి, చేతిలోని గ్లాసుకేసి చూసే చూపు ఉందే, ఆ చూపుకు పాలు విరిగిపోతాయి. రోనా అక్కడి నుంచి తిన్నగా, తను పిన్నీ అని పిలుచుకునే మా అత్త వంటింట్లోకి వచ్చి కుర్చీ అంచున కూర్చునేది. అత్త టీ ఇచ్చేది. మా అత్త టీలో చెంచా నిలబెడితే నిలబడుతుంది, అడిగితే మాట్లాడుతుంది కూడా.

రెండో తరగతిలో అత్త దొర్లలేదు. తడికోటుతో వచ్చి నిలబడింది. రిసెప్షనిస్టు పాత్ర చేస్తున్న నిజం రిసెప్షనిస్టే, అలవాటు కొద్దీ హాలంతా వినబడేలా, "మత్తుమందుల క్లినిక్కుకా?" అంది. అత్త వెనక్కి తిరిగి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. అందరూ తిరిగి వస్తుందని కూర్చున్నారు. ఎంతకీ రాదే! ఎదురుగా ఉన్న చిప్స్ కొట్టులో కూర్చుని వెనిగర్ చల్లుకుని తింటోంది.

"రా అత్తా, వాళ్లు ఎదురుచూస్తున్నారు."

"చూడనీరా లాచీ. వెళ్లిపోయిన పిల్ల మళ్లీ రాదు. ఆ ఖాళీ కుర్చీనే చూడమను" అంది, నోటినిండా చిప్స్‌తో.

ఆ రిసెప్షనిస్టు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆ తరవాత ఎవరొచ్చినా ముందు "కూర్చోమ్మా, కోటు ఇలా ఇవ్వు" అనడం మొదలుపెట్టిందట. మా అత్త పేరు డన్‌డీ దాకా పాకింది. ఆవిడ లెక్కలో లండన్ దాకా.

ఇక అసలు సంగతి. రోనాకు ఏడో నెల. బిడ్డ పుట్టాక తల్లితో ఇంటికి రావాలా, వేరే ఇంట్లో పెరగాలా అని తేల్చే సమావేశం దగ్గర పడింది. ఆ పని చూసే సోషల్ వర్కర్ ఇంగ్లండు దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన ఇమోజెన్. మర్యాద తెలిసిన పిల్లే. రోనా ఇంటికి వచ్చింది, ఇల్లంతా చూసింది. ఇల్లు అద్దంలా ఉంది. కానీ బిడ్డను పడుకోబెట్టి తోసుకెళ్లే పిల్లబండి లేదు, ఉయ్యాల లేదు, ఒక్క మేజోడు కూడా లేదు.

"ఏమీ కొనలేదా?" అని అడిగింది.

"ఇంట్లో ఏమీ లేదు" అంది రోనా.

"బిడ్డ ఇంటికి వస్తుందన్న ఆలోచన కనబడటం లేదు. సమావేశంలో చెప్పాల్సి వస్తుంది" అని ఇమోజెన్ వెళ్లిపోయింది.

రోనా ఏడుస్తూ కిందికి వచ్చింది. వస్తువులన్నీ ఎక్కడున్నాయంటారా? మా అత్త పడకగది పక్క గదిలో. నీలం బండి, ఉయ్యాల, మడతపెట్టిన ఉన్ని శాలువాలు. పుట్టకముందు బండి తల్లి గడప దాటితే అరిష్టమని మా వైపు అందరూ ఎక్కడో ఒకచోట దాచేవాళ్లే. అయితే మా అత్త దగ్గర దాచినన్ని బండ్లు రైల్వేస్టేషన్‌లో కూడా ఉండవు.

"చెప్పొచ్చు కదే పిచ్చిదానా, పిన్ని ఇంట్లో ఉన్నాయని!" అంది అత్త.

"ఎలా చెప్పను పిన్నీ? మందు మనిషినన్న పేరు ఎలాగూ ఉంది. శకునాల పిచ్చిది అని కూడా రాసుకుంటుంది. పైగా పుట్టకముందు దాని ఊసెత్తితేనే..." అని ఆపేసి, కీడు తగలకుండా బల్ల చెక్కను ముట్టుకుంది.

అత్తకు అంత ఓపిక ఎక్కడిది? "లాచీ, బండి పట్టరా. పైకి తీసుకెళ్లి పెట్టేద్దాం. ఆ పిల్ల మళ్లీ వచ్చి చూసుకుంటుంది" అంది. నేను భుజానికెత్తుకుని మొదటి అంతస్తు దాటాను. ఆ బండి బరువు చెబితే మీరు నమ్మరు గనక చెప్పను. మలుపులో రోనా రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మెట్టు ఎక్కావంటే దూకేస్తాను లాచీ!"

"నీ బిడ్డ కోసమేనమ్మా!" అని కింది నుంచి అత్త కేక.

"పోయినసారి అన్నీ ముందే తెచ్చి పెట్టుకున్నాను పిన్నీ. ఐదో నెలలో పోయింది. ఖాళీ ఉయ్యాలతో ఒక శీతాకాలమంతా గడిపాను. వద్దు. బండి రానివ్వను."

 అత్త గొంతు తగ్గించి మాట్లాడటం నేను జీవితంలో విన్నది అప్పుడే. "దించెయ్‌రా" అంది.

మర్నాడు అత్త, ఇమోజెన్ ఆఫీసుకు వెళ్లి ఆమెను దులిపేస్తానని టోపీ పెట్టుకుంది. ఉనా ఆపింది. "నువ్వు వెళ్లి అరిస్తే రోనా సంగతి వీధిలో పడుతుంది. తనంతట తను చెప్పుకునేదాకా ఆ మాట రోనాది. తరగతిలో కూడా ఎవరి కథా ఎత్తకూడదు. మాటివ్వు." అత్త మాటిచ్చింది. వేడి బంగాళాదుంప నోట్లో పెట్టుకున్న ముఖంతో.

ఆ వారం తరగతికి ఇమోజెన్ వచ్చింది. గుండెల మీద పేరు కార్డు. అది చదివి మా అత్త దిండు సర్దుకోవడం ఆపేసింది.  ఇప్పుడు ఈవిడ నోరు తెరిస్తే చర్చి కప్పు ఎగిరిపోతుంది.

ఉనా పొద్దుటి పాఠం ఒక్కటే. "కళ్లకు కనబడింది చెప్పే ముందు, ఎందుకలా ఉందో ఆ మనిషినే అడగండి." తరవాత ఇంటికి వెళ్లి చూసే సన్నివేశం. ఎవరు చేస్తారంటే ఇమోజెన్ చెయ్యెత్తింది. వేదిక మీద ఒక బల్ల, రెండు కుర్చీలు, మా అత్త.

ఇమోజెన్ బాగానే మాట్లాడింది. ఒంట్లో ఎలా ఉందంది, నిద్ర పడుతోందా అంది. తరవాత చుట్టూ చూసినట్టు నటించి, "బిడ్డ కోసం ఏమైనా కొన్నారా?" అంది.

"ఇంట్లో ఏమీ లేదు" అంది అత్త, నేలకేసి చూస్తూ.  అచ్చం రోనా గొంతు.

ఇమోజెన్ ఏదో అనబోయింది. ఆగింది. పొద్దుటి పాఠం గుర్తొచ్చిందేమో. "ఎందుకని?" అని మెల్లగా అడిగింది.

అత్త తలెత్తింది. "ఎందుకనా? పుట్టకముందు బండి గడప దాటించమంటావా తల్లీ? నా నోటితో అనిపించకు" అని గబుక్కున బల్ల చెక్క ముట్టుకుంది.

హాల్లో సగం మంది తమ కుర్చీల చెక్క ముట్టుకున్నారు.

"అదేంటి?" అంది ఇమోజెన్ వాళ్లకేసి తిరిగి. "మీరందరూనా?"

"మాది మా అమ్మావాళ్ల గొర్రెల కొట్టంలో ఉండేది" అంది ఒక నర్సు. "బండి ఇంటికొచ్చాక గొర్రె వాసన పోవడానికి ఏడాది పట్టింది."

"మేం ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తేనే కొట్టువాడు పంపాడు" అంది రిసెప్షనిస్టు.

"నేను పుట్టకముందు నా బండి బార్ కింద గోదాంలో" అన్నాడు మందుల షాపతను. "మా నాన్న రోజూ వెళ్లి చూసుకొచ్చేవాడట. మా అమ్మ ఇప్పటికీ నమ్మదు."

"మాది మా అత్తగారి స్నానాలగదిలో" అంది ఉనా. "నెల రోజులు ఆవిడ బండికి అటుపక్క నిలబడే స్నానం."

అందరూ నవ్వుతున్నారు. ఇమోజెన్ ఒక్కతే నవ్వలేదు.  "నేను ఒకరింట్లో..." అని మొదలుపెట్టింది.

మా అత్త చెయ్యి చాచి ఆమె చేతిమీద వేసింది. "ఇక్కడ వద్దమ్మా. ఎవరింట్లోనో వాళ్లనే వెళ్లి అడుగు." అంతే. ఇంకొక్క ముక్క అనలేదు. అంత పెద్ద అవకాశాన్ని అంత చిన్న మాటతో వదిలేసిన నటిని నేను ఎక్కడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త తలుపు ఎవరో తట్టారు. తీస్తే రోనా, వెనకాల ఇమోజెన్.

"పిన్నీ, ఈవిడ వస్తువులు ఎక్కడ దాచుకున్నావని అడిగింది" అంది రోనా. 

ఇమోజెన్ మా అత్తను పైనుంచి కిందికి చూసింది. "సెంగా గారూ! మీరా?"

"నేనే. దిండు సోఫా మీదుంది, దానిమీద కూర్చోకు, దానికి ఎనిమిదో నెల" అని అత్త గది తలుపు తీసింది.

ఇమోజెన్ నీలం బండి పక్కన కూర్చుని ఉన్ని శాలువాలు ఒక్కొక్కటే చూసింది. "ఇవి ఎవరు అల్లారు?" అంది. "నేనే" అంది రోనా. "మందుకోసం షాపులో వరసలో నిలబడి అల్లినవి. అందుకే కొన్నిచోట్ల వంకర." అప్పుడు ఐదో నెలలో పోయిన బిడ్డ గురించి తనే చెప్పింది. అత్త వంటింట్లోకి వెళ్లిపోయి కెటిల్‌ను అనవసరంగా మూడుసార్లు మరిగించింది.

సమావేశంలో ఇమోజెన్ తన పొరపాటు తనే చెప్పిందట. బిడ్డ తల్లితోనే ఇంటికి వెళ్లాలని, ఉనా, తను వచ్చి చూస్తుండాలని తేలింది. పాప పుట్టాక మందు ప్రభావానికి కొన్నాళ్లు వణికింది. రోనా ఆస్పత్రిలోనే ఉండి, చొక్కా లోపల గుండెకు హత్తుకుని కూర్చుంది. వణుకు తగ్గింది. ఏడుపు మాత్రం ఓడ హారన్‌లా నిలిచిపోయింది. మా అత్త పోలిక అన్నాను. చుట్టరికం లేదుగా అన్నారు. మెట్లదారి చుట్టరికం చాలదా?

పాప ఇంటికి వచ్చిన రోజు బండిని పైకి మోసింది నేనే. ఈసారి మలుపులో ఎవరూ అడ్డు నిలబడలేదు. రోనా తలుపు బార్లా తీసి, "తొందరగా రా లాచీ, ముసలాడిలా ఏంటా నడక!" అంది. గడప దాటించి దించేసరికి నా నడుం పట్టేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం ఇమోజెన్ వచ్చింది. మా అత్త ఆమె చెవిలో ఏదో ఊదింది. "కొత్త బిడ్డ చేతిలో వెండి నాణెం పెట్టాలి. గట్టిగా పట్టుకుంటే డబ్బు కలిగిన పిల్లవుతుంది."

"నాణెమా? పసిబిడ్డకా? మింగితే?" అంది ఇమోజెన్, ఉద్యోగం గుర్తొచ్చి.

"మనందరం చూస్తూనే ఉంటాంగా. నీ కళ్లున్నది అందుకేగా" అంది రోనా. నవ్వుతోంది.

ఇమోజెన్ సంచి వెతికి, వెండిరంగు నాణెం ఒకటి తీసి, వేడినీళ్లతో కడిగి తుడిచి, పాప అరచేతిలో పెట్టింది. పాప పిడికిలి బిగించింది. లెక్క ప్రకారం వెంటనే తీసేయాలి. ఇమోజెన్ వేలు దూర్చి చూసింది. రాలేదు. ఉనా ప్రయత్నించింది. రాలేదు. ఓడలు ఆపిన మా అత్త ప్రయత్నించినా రాలేదు. నన్ను పిలిస్తే రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి లాగాను, ఒట్టు.

"వదలదు" అంది రోనా, పాపను గుండెకెత్తుకుని. "నా కూతురు కదా."