సెన్సర్‌కు సంతకం

అన్న పోయిన నాలుగో నెలలో ఆయన కారుకు హైదరాబాద్‌లో కొనేవాళ్లు కుదిరారు. సోమవారం వచ్చి తీసుకెళ్తామన్నారు. ఆ మాట విని వదిన వంటింట్లోంచే అన్నది: "తమ్మీ, అది పోకముందు నన్ను ఒక్కసారి బ్రిడ్జి దాటించి మంచిర్యాల తీస్కపో."

నేను నమ్మలేదు. బొగ్గు గనిలో ఓవర్‌మ్యాన్‌గా రిటైరయ్యాక అన్న కొన్న పాత స్పోర్ట్స్ కారు అది. పసుపుపచ్చది, రెండే సీట్లు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం ఆమెను రమ్మన్నాడు. ఆమె ఒక్కసారీ ఎక్కలేదు. "గది కారా, చాపా? ఎవలన్న చూస్తే నవ్వుతరు" అనేది.

బుధవారం కారు తీస్తే బ్రేకుల లైటు వెలిగింది. "లైటు ఉంటే నేను ఎక్క" అన్నది వదిన. కొత్త ప్యాడ్లు అన్న ముందే తెప్పించి, బీరువాలో పట్టుపంచె కింద పెట్టి ఉంచాడు. కాలనీ గేటు దగ్గరి మెకానిక్‌ను పిలిచాను. అతను ఎక్కువగా బొగ్గు లారీలు చూస్తాడు. జాకీ కారు కిందికి దూరలేదు.

"అన్నా, దీని కిందికి చీమ గూడ ఒంగి పోవాలె."

రెండు చెక్కల మీదికి కారును ఎక్కించాక జాకీ పట్టింది. పాత ప్యాడ్ అరిగి పలుచనైంది. దానికి తగిలించిన సన్నటి తీగ కొస కూడా తెగి ఉంది. ప్యాడ్ అరిగితే తీగ డిస్కుకు రాసుకొని తెగుతుందని, తెగితే లైటు వస్తుందని, ఆ సెన్సర్ ఒక్కసారికే పనికొస్తుందని మెకానిక్ చెప్పాడు. కొత్త ప్యాడ్ల డబ్బాలో సెన్సర్ లేదు. అతను ప్యాడ్లు బిగించి, పాత సెన్సర్ తల కత్తిరించి, రెండు తీగలూ మెలిపెట్టి టేపు చుట్టాడు. లైటు ఆరిపోయింది.

గడపలో నిలబడి చూస్తున్న వదిన అడిగింది: "ఏం జేసినవ్ బిడ్డా?"

"తీగలు కలిపిన అక్కా. ఇగ జన్మల లైటు రాదు."

"ప్యాడ్లు అరిగినా?"

"అరిగినా రాదు" అన్నాడు గర్వంగా.

వదిన లోపలికి వెళ్లి, వంటింటి మేకుకు వేలాడే నోటుబుక్కు తెచ్చింది. బొగ్గుబాయిలో రక్షణకు సంబంధించినది ఏది విప్పినా విప్పినవాడు రాసి సంతకం పెట్టాలని అన్న పట్టుదల. ఆ పద్ధతిని ఆయన ఇంటికీ తెచ్చాడు. చివరి పేజీలో ఆయన దస్తూరీ ఉంది: "కుక్కర్ విజిల్ శుభ్రత నిమిత్తము తొలగించబడినది. తిరిగి బిగించబడినది."

"రాయి" అన్నది వదిన. "బ్రేకు సెన్సర్ నోరు మూసిన, ఇగ అరిగినా చెప్పది అని రాసి సంతకం పెట్టు."

"పోలీసు కేసా అక్కా ఇది?"

"కాదు. మా ఆయన బుక్కు."

అతను చేతులు రెండుసార్లు తుడుచుకున్నాడు. తారీఖు వేసి ఆగిపోయాడు. "ఎన్ని లారీలకు గిట్లనే చెయ్యలే?"

"వాళ్ల ఇండ్లల్ల బుక్కు లేదు."

అతను పెన్ను మూసి తిరిగి ఇచ్చాడు. "శనివారం దాంక ఆగుర్రి. సెన్సర్ తెప్పిస్త."

శనివారం బస్సు పార్సిల్లో సెన్సర్ వచ్చింది. దాన్ని ప్యాడ్‌లో కూర్చోబెట్టి, తీగ టైరుకు తగలకుండా క్లిప్పుల్లో ఇరికించి, స్టీరింగ్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూశాడు. తర్వాత బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూనే ఉన్నాడు. "గిది మర్చిపోతే మొదటి బ్రేకుకే మంచిర్యాల దాటిపోతరు" అన్నాడు. తాళం తిప్పితే లైటు రాలేదు.

ఆదివారం పొద్దున బయల్దేరాం. వదిన కూర్చున్నదనడం కన్నా పడుకున్నదనడం సరైనది. బ్రిడ్జి మీద పక్కనే లారీ వచ్చింది. "దాని చక్రాలు మన నెత్తి మీదున్నయ్ తమ్మీ" అని, తర్వాత నీళ్లకేసి చూసింది.

మంచిర్యాలలో చాయ్ హోటల్ ముందు ఆపాను. ఆమె దిగలేకపోయింది. చెయ్యి పట్టి లాగితే సగం లేచి మళ్లీ సీట్లో పడింది. రెండోసారీ అంతే. హోటలాయన కూడా ఓ చెయ్యి వేశాడు. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఇడువుర్రి" అన్నది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "గింత కిందికెళ్లి నా మోకాళ్లు లేవయని నాకు మొదటిరోజే ఎరుక. మీ అన్నకు చెప్తే తెల్లారే కారు అమ్ముతుండె. అందుకే నవ్వుతరని చెప్పిన."

నేను చాయ్‌లు కారు దగ్గరికే తెమ్మన్నాను.