మగ్గం గుంటలో నాలుగో కాలు

ఎండను కూడా లెక్కవేసి గెలవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అరవైల మొదట్లో హిందూపురంలోని ఒక చిన్న ఆసుపత్రి తరఫున ఊరూరూ తిరిగి, పక్షవాతం వచ్చినవాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడించి, మళ్ళీ పనికి వచ్చేటట్టు చేయడం నా ఉద్యోగం. (మా అవ్వ మాత్రం చివరిదాకా "మావాడు కాళ్ళు పిసికే పని చేస్తాండాడు" అనే చెప్పేది. ఆ మాట విని ఒక పెళ్ళి సంబంధం వెనక్కిపోయింది కూడా.) బడిలో నేర్చిన లెక్కలు కొన్నే. నాకు నేనుగా నేర్చుకున్నవి చాలా ఎక్కువ. వేసవి రాగానే మా డాక్టరుగారు "తలకు గుడ్డ, సంచిలో నీళ్ళు, మధ్యాహ్నం నీడ" అని మూడు ముక్కల్లో చెప్పి వదిలేశారు. ఆ మూడు ముక్కలకు నేను నా లెక్కలు కలిపాను. చిక్కు అక్కడ మొదలైంది.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సు ఉత్తరదిక్కుగా నడుస్తుంది. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు కనుక ఎండ కుడివైపు పడుతుంది. కాబట్టి ఎడమవైపు కూర్చోవాలి. సీసాలో నీళ్ళు సగం పెనుకొండ దాకా, సగం ధర్మవరంలో. ఇందులో తప్పెక్కడుందో ఈనాటికీ నాకు తెలియదు. కానీ ఆ రోజు బస్సు పెనుకొండలో చెడిపోయి, మధ్యాహ్నం దాటేదాకా కదలలేదు. మళ్ళీ బయలుదేరేటప్పుడు జనమంతా కుడివైపు సీట్ల కోసం తోసుకుంటుంటే, పాపం లెక్క తెలియనివాళ్ళని జాలిపడి, నా ఎడమ కిటికీ దగ్గరే దర్జాగా కూర్చున్నాను. సూర్యుడు పడమటికి మారిన సంగతి చెంప కాలాక గాని తెలియలేదు. అప్పటికి కుడివైపు నిలబడే చోటు కూడా లేదు. అటుపక్క నీడలో కూర్చున్న ఒక రైతు "ఏమప్పా, ఎండంటే అంత ఇష్టమా నీకు?" అన్నాడు. నా బుర్రలో అప్పటికే ఉత్తరమూ దక్షిణమూ ఒకటైపోతున్నాయి.

ధర్మవరంలో నేను చూడవలసిన మనిషి పట్టుచీరలు నేసే జరీమామ. (నాకు వరసకు మామేమీ కాదు, వీధి వీధంతా అలాగే పిలిచేది.) ఆయన కుడికాలు పడిపోయి రెండు నెలలైంది. మగ్గం మీద చీర సగంలో ఆగిపోయింది. నెలాఖరుకు మగ్గం ఆడకపోతే, దాని మీద బిగించిన పట్టుదారాల పడుగంతా విప్పించి ఇంకొకరికి ఇస్తానని, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు చెప్పిపోయాడు. ఒకసారి పడుగు పోతే మళ్ళీ ఇస్తాడన్న ఆశ ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మగ్గం పక్కనే మంచం వేసి, నేను వచ్చినప్పుడల్లా "కాలు లేపు మామా" అనడం, ఆయన కళ్ళు మూసుకుని ముక్కడం, కాలు మంచంకోడులా ఉండిపోవడం, ఇదీ మా వైద్యం.

గడప తొక్కగానే ఆయన మంచం మీద నుంచే "ఏమబ్బా కాళ్ళసారూ, నువ్వు ఎండలో వచ్చినావా, ఎండే నీలో వచ్చిందా? మొగం సూడు, మిరప్పండు మాదిరి ఉండాది" అన్నాడు. ఆయన భార్య, మేమంతా జరీఅత్త అనే ఆవిడ, నా సంచి అందుకుంది.

"నీళ్ళు తాగలేదా నాయనా?"

"సీసాలో ఉన్నాయి అత్తా."

"ఉంటే తాగాల గదా!"

"అవి ధర్మవరం లెక్కవి."

"ఇది ధర్మవరమే గదప్పా!"

ఆ మాటలో ఏదో నిజం ఉందనిపించింది గానీ, దాన్ని పట్టుకునేలోగా కాళ్ళ కింద నేల తిరిగింది. అత్త నన్ను ఒడిసిపట్టి, సీసాలో నీళ్ళు కొన్ని తాగించి, కొన్ని తలమీద పోసి, "ఈ గుంటలో కూసో, సల్లగుంటాది" అని మగ్గం ముందు పలక మీద కూర్చోబెట్టి, నా కాళ్ళు కింది గుంటలోకి దించింది. నేసేవాడు కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కే గుంట అది. అడుగున మన్ను చల్లగా తగిలింది. హాయిగా కళ్ళు మూశాను. మూయగానే మళ్ళీ బస్సులో ఉన్నాను. బస్సు సూర్యుడి మీదికే పోతోంది, డ్రైవరు లేడు. కాలికింద చెక్క తగిలింది. బ్రేకు దొరికిందనుకుని బలంకొద్దీ తొక్కాను.

మగ్గం కిర్రుమంది. "ఓర్నాయనో! పడుగు తెంచుతాడే! కాలు తియ్యప్పా!" అని జరీమామ కేక. మంచం నుంచి జరజరా పాకివచ్చి, నా ఎడమపక్కన పలక మీద కూలబడి, గుంటలోకి కాళ్ళు వేసి నా కాలును నెట్టడం మొదలుపెట్టాడు. నేను ఇంకా గట్టిగా తొక్కాను. (బస్సు ఆగాలి గదా.) కళ్ళు తెరిచి గుంట చీకట్లోకి చూసి, అలవాటుకొద్దీ కాళ్ళు లెక్కపెట్టాను. నావి రెండు. మామకు పనిచేసేది ఒకటి. వెరసి మూడు. కానీ నన్ను నెడుతున్నది నాలుగోది.

"మామా, ఈ కాలు ఎవరిది?"

"ఎవరిదైతే నీకేల? ముందు నీది తియ్!"

మళ్ళీ నీళ్ళ చెంబుతో వచ్చిన జరీఅత్త గుంటలోకి తొంగిచూసింది. "ఏమయ్యో, అది నీ కుడికాలు గదా" అంది మెల్లగా. ముగ్గురం వంగి ఆ కాలిని ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు చూశాం.

"ఇప్పుడు నెట్టు మామా" అన్నాను, తల కాస్త తేలికై. ముక్కాడు. కదల్లేదు.

"మరి ఇందాక?"

"ఇందాక నేను నెట్టలేదబ్బా, నువ్వు తొక్కినావు!"

నాకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ చెక్క మీద కాలు పెట్టి, కాస్త తొక్కాను. "తియ్యప్పా!" అని అరుస్తూ నాలుగో కాలు వచ్చి నెట్టింది. ఆ రోజు నుంచి మా వైద్యం మంచం మీద నుంచి గుంటలోకి దిగింది. నేను తొక్కడం, ఆయన నన్ను తిట్టి నెట్టడం. నెలాఖరున షావుకారు వచ్చేసరికి మగ్గం కుంటుకుంటూ చప్పుడు చేస్తోంది. ఆయన వాకిట్లోనే నిలబడి విని, పడుగు జోలికి రాకుండా వెనక్కి తిరిగాడు. జరీఅత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ "ఎండ" అంది.

ఆ కాలు ఎందుకు కదిలిందో డాక్టరుగారు తర్వాత చాలాసేపు వివరించారు. తల ఊపాను గానీ లెక్క మాత్రం ఇప్పటికీ సరిపోలేదు. నడివయసు వచ్చాక కూడా బస్సెక్కితే ముందు సూర్యుణ్ణి చూసి, నీళ్ళు మాత్రం ఏ ఊరి లెక్కవని అడగకుండా తాగేస్తున్నాను. ఎండ చెంపకు తగలగానే నా ఎడమకాలు దానంతటదే కింద చెక్క కోసం వెతుకుతుంది. పక్క నుంచి తిట్టుకుంటూ నెట్టే మామ కాలు మాత్రం ఉండదు.