లక్కే పుట్టిన ఏటి వాచీ

లక్కేకు భర్త మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. హడ్మా మంచివాడే, కష్టజీవే. కానీ ఏ మాటకొచ్చినా "చిన్నదానివి, నీకేం ఎర్క?" అని నోరు మూయిస్తాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ల మాటే చెల్లుతుంది, ఆ పెద్ద తానేనని ఆయన తీర్మానం. లక్కే వయసు ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డు రాసినవాడు ముఖం చూసి ఏదో సంవత్సరం వేసేశాడు, తేదీ మాత్రం సగం ఊరికిలాగే జనవరి ఒకటి.

ఇప్పుడు మనవరాలు రీనా జగదల్‌పూర్ వెళ్లి నర్సింగు చదువుతానంటే హడ్మా ససేమిరా అన్నాడు. లక్కేకు ఒళ్లు మండింది. తాను పుట్టిన నెలలోనే నాన్న కొత్త వాచీ కొన్నాడని అమ్మ వందసార్లు చెప్పింది. ఆ వాచీ ఇప్పుడు హడ్మా చేతికే ఉంది.

"దాని వయసే నా వయసు. వాచీల బాబూరావు చెప్తడు, నడువు. ఎవరు పెద్దయితే రీనా సంగతి వాళ్లది," అంది.

హడ్మా మీసం దువ్వుకుంటూ ఒప్పుకున్నాడు. బడిలో రాసిన తన పుట్టిన సంవత్సరం, పంతొమ్మిది వందల అరవై ఆరు, ఆయనకు కంఠతా.

మద్దేడ్ సంతలో వాచీలు బాగుచేసే బాబూరావు పందెం సంగతీ, హడ్మా పుట్టిన ఏడూ విని కంటికి భూతద్దం తగిలించాడు. "డయల్ జూస్తే డెబ్బై దాటినంకది లెక్కనే ఉన్నది," అన్నాడు. హడ్మా ముఖం వెలిగిపోయింది. "మళ్ల జూడు," అంది లక్కే.

బాబూరావు మళ్లీ చూశాడు. అంకెల అంచులు ముద్దగా ఉన్నాయి. "దాదా, దీనికి రంగేయించినవా ఏంది?"

"కొడుకు పెండ్లికి మెరవాలని ఏయించిన."

"అట్ల జెప్పు మరి! కొత్తగ ఏసిన అంకెలు జూసి మోసపోయిన." మూత విప్పి, లోపలి నంబరూ మిషిను రకమూ చూశాడు. "అరవై మూడుల చేసింది. దుకాణంల ఏడాది కూసున్నా, అక్క నీకంటె రెండేండ్లు పెద్ద."

లక్కే నవ్విన నవ్వుకు ఎండుచేపలు అమ్మేవాళ్లు కూడా తిరిగి చూశారు. హడ్మా వాచీని అటూ ఇటూ తిప్పాడు. చివరికి నేలచూపులు చూస్తూ అసలు మాట బయటపెట్టాడు.

"పిల్ల లేకుంటే ఇల్లెట్లుంటది, లక్కే?"

లక్కే నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లకు చేతికొచ్చిన పెద్దరికం ఒక్కసారిగా బరువనిపించింది. రీనా చదువు మాట ఎత్తిన రోజు నుంచీ ఆ ప్రశ్న ఆమెనూ తినేస్తూనే ఉంది.

"నాకు మాత్రం మంచిగుంటదా? అయినా పోవాలె," అంది. "బస్సు నువ్వే ఎక్కియ్యాలె."