నల్లకొన కిందికి

కట్టె ఎన్నుకోవడంలో ధర్మవరంలో నాకు సాటి వచ్చేవాళ్ళు అప్పట్లో లేరని ఇప్పటికీ అంటాను. మా నాయన పెనుకొండలో రైలుపట్టాల కింద దుంగలు మార్చే కూలీ. ఆ విద్య ఆయన పెట్టిందే.

నేను కోడలిగా వచ్చింది పట్టుచీరలు నేసే ఇంటికి. అరవైల మొదట్లో మా గుంటమగ్గం గుంజలు రెండూ చెదలు తినేశాయి. భూమిలో పాతిన గుంజ కదిలితే పడుగు బిగువు పోతుంది, చీర పాడవుతుంది. రైలుదుంగ తెద్దామన్నాను. అది తారునూనె తాగిన కట్టె, చెద దాని జోలికి రాదు.

మా అత్త మూతి తిప్పింది. "పట్టాల కింద మన్ను తవ్వేటోనికి మగ్గం సంగతి ఏం తెలుసు?"

నాకు ఒళ్ళు మండింది. ఆ గుంజలు నిలబడితేనే ఆ ఇంట్లో మా నాయన మాట నిలబడుతుంది.

హిందూపురంలో పాతదుంగలు అమ్ముతున్నారని తెలిసి నాయనా నేనూ పోయాం. మేకులు దిగిన చోట పగిలినవి, సుత్తితో కొడితే బోలుగా మోగినవి పక్కకు నెట్టేశాను. చివరికి ఒకటి నచ్చింది. నాయన తలాడించాడు.

"సగానికి కోస్తే నడిమధ్యన తెల్లగా ఉంటాది మ్మా, ఆడికి నూనె పోదు. మనం కోసిన కొన పైకి ఉండల్ల. రైలోళ్ళు నూనె పట్టించిన నల్లకొనే భూమిలోకి పోవల్ల."

ఇంటి దగ్గర వడ్రంగి దుంగను రెండుగా కోశాడు. మాలో గుంజ పాతితే చెట్టు నిలబడినట్టే పాతాలి, మొదలు కిందికి, చివర పైకి. మొదటి ముక్కకు మొదలు వైపే నల్లకొన ఉంది కాబట్టి పేచీ లేదు. రెండోదానికి మొదలు వైపు అప్పుడే కోసిన తెల్లకొన. దాన్ని తిప్పి పాతమన్నాను.

"తలకిందులుగా పాతితే ఇల్లే తలకిందులైతాది" అంది అత్త. "ఇది మగ్గం. మీ నాయన రైలు కాదు."

ఎంత మొత్తుకున్నా వినలేదు. తెల్లకొననే పాతించింది.

మూడో వానాకాలంలో, పెళ్ళిచీర సగం నేసి ఉండగా ఆ గుంజ ఒరిగింది. అత్త గుంటలోకి దిగి గుంజ అడుగున గోటితో గీకింది. చెదల పుట్టమన్ను రాలింది. పక్కగుంజను రెండు చేతులతో ఊపి చూసింది. అది కదల్లేదు. చీరను మాత్రం కాపాడుకోలేకపోయాం.

ఈసారి నాయనే పెనుకొండ నుంచి ఒక సగం దుంగ పంపాడు. వడ్రంగి అలవాటుగా మొదలు వెతికి, అది తెల్లకొన వైపే ఉన్నా దాన్ని కిందికి తిప్పాడు.

"ఏమప్పా, యాడ చూస్తాండావు?" అని అత్త కసిరింది. "నల్లకొన కిందికెయ్యి."

"తలకిందులైతాది కదమ్మా?"

"కానీలే. మా వియ్యంకుడు చెప్పినాడు."

నేను వచ్చిన ఇన్నేళ్ళలో మా నాయనను ఆమె ఆ వరస పెట్టి అనడం అదే మొదలు.